ఆరున్నర విమానం

హైదరాబాద్ పాత విమానాశ్రయం బేగంపేటలో అప్పుడప్పుడు విమానాల ప్రదర్శన జరుగుతుంది. మొన్నటిసారి మా తమ్ముడు ఎక్కడో పాసులు సంపాదించి నన్నూ లాక్కెళ్ళాడు. గుడారాలు, జెండాలు, మెడలో కార్డులు వేసుకుని హడావిడిగా తిరిగే మనుషులు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు. ఎండ నెత్తికెక్కుతోంది. ఎక్కడైనా నీడ దొరికితే కూలబడదామని చూస్తున్నాను. అవతల ఏదో విమానం ఇంజను తిప్పారు. గాలి మా వైపు మళ్ళింది. ఆ వాసన వచ్చింది.

కిరసనాయిలు కాలిన వాసన అంటే సగమే చెప్పినట్టు. అందులో ఎండకు మాడిన కాంక్రీటు ఉంటుంది, టైరు రబ్బరు ఉంటుంది, కొంచెం గడ్డి కూడా ఉంటుంది. పదమూడేళ్ళు ఆ వాసన నా చీర కొంగును వదల్లేదు. డ్యూటీ నుంచి ఇంటికి రాగానే మా అమ్మ "కిరసనాయిలు డబ్బాలో పడ్డట్టున్నావు, ముందు స్నానం చేసి రా" అని గుమ్మంలోనే ఆపేసేది.

కాళ్ళ కిందకు చూసుకుంటే వెలిసిపోయిన పసుపు గీత. విమానం ముందు చక్రం నడిచే గీత అది. ఒకప్పుడు దాని మీద నిలబడితే ఎవరో ఒకరు ఈల వేసి తిట్టేవారు. ఇప్పుడు దాని మీద ఐస్‌క్రీం బండి ఉంది.

*

మేం పుట్టి పెరిగింది రసూల్‌పురా పక్కన. రన్‌వే తూర్పు కొస మాకు కూతవేటు దూరం. మా ఇంట్లో గడియారం ఉండేది గానీ దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. పొద్దున్న ఆరున్నర విమానం లేస్తే మా అమ్మ మమ్మల్ని లేపేది. రాత్రి చివరి విమానం దిగితే నాన్న రేడియో కట్టేసేవాడు. మధ్యలో వచ్చేవాటికి కూడా మా ఇంట్లో ఏదో ఒక పని ముడిపడి ఉండేది.

వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు వరసగా బోర్లించి ఉండేవి. విమానం వెళ్ళినప్పుడల్లా అవి సన్నగా మోగేవి. మోగడమే కాదు, వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరిగేవి. సాయంత్రానికి వరస మొత్తం అంచు దాకా వచ్చేది. మా అమ్మ ఏ పనిలో ఉన్నా అటుగా వెళ్ళినప్పుడు అరచేత్తో ఆ వరసను లోపలికి నెట్టేది. అది పని అని ఆమెకు తెలుసో లేదో. కళ్ళు ఆర్పినంత అలవాటుగా చేసేది.

బడిలో లెక్కల మాస్టారు విమానం శబ్దం దగ్గరకు రాగానే సుద్దముక్కను బోర్డు మీదే ఆపి నిలబడేవారు. అది దాటాక ఆపిన అంకె దగ్గర నుంచి మొదలుపెట్టేవారు. ఆ అర నిమిషంలో మేం చేయని అల్లరి లేదు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలైతే చెవులు మూసుకుని వంగిపోయేవారు. మేం నవ్వుకునేవాళ్ళం. దిగే విమానం పొట్ట కింద అతుకులు కూడా కనిపించేంత కిందుగా వచ్చేది మరి.

ఆకాశంలో విమానాలతో పోటీ గద్దలది. చుట్టూ మాంసం దుకాణాలు, చెత్తకుప్పలు. గద్దలకు అంతకన్నా ఏం కావాలి? రన్‌వే పక్కన జీపులో ఒకాయన టపాకాయలతో సిద్ధంగా ఉండేవాడు. దీపావళి కాని రోజుల్లో టపాసులు పేల్చి జీతం తీసుకునే ఉద్యోగం ఒకటుందని తెలిసి మా తమ్ముడు చాలాకాలం అదే తన ఆశయమని చెప్పుకున్నాడు.

నాన్నకు ఆ విమానాశ్రయం అంటే సొంత ఆస్తి అన్నంత గర్వం. నిజాం సంస్థానానికి సొంతంగా డెక్కన్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థ ఉండేదని, డకోటా విమానాలు ఇక్కడి నుంచే ఎగిరేవని, 1953లో దాన్ని మిగతా కంపెనీలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. ఆయన రెండో కథ అంజయ్య గారిది. 1982 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి టి. అంజయ్య జనాన్ని, దండలను, మేళాలను వెంటేసుకుని రాజీవ్ గాంధీకి స్వాగతం చెప్పడానికి బేగంపేట వెళ్ళడం, రాజీవ్ అందరి ముందూ అంజయ్య గారి మీద చిరాకుపడటం ఇప్పుడు చరిత్ర పుస్తకాల్లో ఉంది. మరుసటి నెలలోనే ఎన్టీఆర్ పార్టీ పెట్టారు. తర్వాత ఎప్పటికో అదే విమానాశ్రయంలో అంతర్జాతీయ టెర్మినల్‌కు రాజీవ్ పేరు, దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పక్కపక్కనే వెలిశాయి. నాన్న ఆ బోర్డులు చూసినప్పుడల్లా ఏమీ అనకుండా ముసిముసిగా నవ్వేవాడు.

*

తొంభైల్లో ప్రైవేటు విమానాలు వచ్చాయి. వాటిలో ఒకదానిలో నాకు కౌంటర్ ఉద్యోగం దొరికింది. ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగే ఉద్యోగం కాబట్టే నాన్న రాత్రి డ్యూటీలకు ఒప్పుకున్నాడు. లేకపోతే ఆ రోజుల్లో అదంత తేలిక కాదు.

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు, మా కౌంటర్లో కంప్యూటర్ ఉండేది కాదు. ఒక పెద్ద అట్ట మీద విమానం సీట్ల పటం ఉండేది. ప్రతి సీటు గడిలోనూ ఆ సీటు నంబరు అచ్చు వేసిన చిన్న స్టిక్కర్. ప్రయాణికుడు వచ్చి కిటికీ పక్క అడిగితే గోరుతో ఆ స్టిక్కర్ ఊడదీసి బోర్డింగ్ కార్డు మీద అంటించి ఇచ్చేవాళ్ళం. స్టిక్కర్ పోయిన గడి ఖాళీగా తెల్లగా కనిపించేది. కౌంటర్ మూసే సమయానికి అట్ట మీద ఎన్ని స్టిక్కర్లు మిగిలితే అన్ని సీట్లు ఖాళీ. పొరపాటుకు తావే లేదు, ఒక సీటుకు రెండు స్టిక్కర్లు ఉండవుగా. కాకపోతే వేసవిలో జిగురు కరిగి వేళ్ళకు అంటుకునేది. ఒకసారి ఒక ప్రయాణికుడి సీటు నంబరు నా మోచేతికి అంటుకుని నాతో పాటు కాంటీన్ దాకా వచ్చింది. అప్పటికి ఆయన సీటు లేని కార్డు పట్టుకుని బస్సు దగ్గర గొడవ పడుతున్నాడు.

మిగిలిన స్టిక్కర్లను నేను ఇంటికి తెచ్చేదాన్ని. మా తమ్ముడి పిల్లలు వాటిని దొరికిన చోటల్లా అంటించేవారు. అమ్మ బీరువాకు, నాన్న పడక్కుర్చీకి, చివరకు తులసికోటకు కూడా సీటు నంబర్లు వచ్చాయి.

కౌంటర్ మూశాక అసలు పని మొదలయ్యేది. ట్రిమ్ షీటు. విమానంలో ఎంత బరువు ఎక్కింది, అది ముందుకు మొగ్గిందా వెనక్కి మొగ్గిందా అని లెక్క కట్టే కాగితం. పెద్దవాళ్ళు ఎంత లావున్నా సన్నమున్నా మనిషికి 75 కిలోల లెక్క. సామాను, సరుకు, ఇంధనం దేని బరువు దానిది. ఆ కాగితం మీద పైనుంచి కిందకు పెన్సిల్‌తో గీత గీసుకుంటూ రావాలి. ముందు వరసల్లో ఇంతమంది అంటే గీత ఇటు జరుగుతుంది, వెనక అరలో ఇన్ని కిలోలు అంటే అటు జరుగుతుంది. చివరకు గీత కింద గీసిన చట్రం లోపల పడాలి. బయట పడితే లోడర్లను బతిమాలి సామాను మార్పించాలి. పది నిమిషాల్లో ఇదంతా తేల్చి, కార్బన్ కాపీలు పట్టుకుని మెట్లెక్కి కెప్టెన్ సంతకం తీసుకోవాలి. నేను పరుగెత్తిన పరుగులన్నీ కలిపితే ఏ విజయవాడకో చేరేదాన్ని.

సరుకులో రకరకాలు వచ్చేవి. తెల్లవారుజామున పత్రికల కట్టలు. కొన్ని రాత్రులు అప్పుడే పుట్టిన కోడిపిల్లలు, చిల్లులు పొడిచిన అట్టపెట్టెల్లో వేలకొద్దీ. ఇంజన్లు ఆగి ఉన్నప్పుడు విమానం కింద నిలబడితే పొట్టలోంచి కిచకిచలు వినిపించేవి. ట్రిమ్ షీటు మీద మాత్రం అవి ఫలానా అరలో ఇన్ని కిలోలు, అంతే.

*

ఆ రోజుల్లో ఒక ఏర్పాటుండేది. లోపల అప్పగించిన సామాను మొత్తాన్ని విమానం పక్కన నేల మీద వరసగా పేర్చేవారు. ప్రయాణికులు బస్సు దిగి తమ పెట్టె మీద చెయ్యి వేసి చూపించాలి. లోడర్ సుద్దతో గుర్తు పెట్టేవాడు. గుర్తు పడినదే విమానం ఎక్కుతుంది. భద్రత కోసమే అది. చూడటానికి మాత్రం సంతలో ఎవరి మేకను వాళ్ళు పట్టుకున్నట్టుండేది.

ఒక రాత్రి ముంబయి విమానానికి అందరూ ఎక్కేశారు, నేల మీద ఒక్క అట్టపెట్టె మిగిలింది. కొబ్బరితాడుతో అడ్డంగా నిలువుగా కట్టి ఉంది. నీలం రంగుతో పేరు, ఊరు, కింద పెద్ద అక్షరాలతో దుబాయ్. ఒక మూల నుంచి నూనె ఊరి అట్ట ఎర్రబడింది. ఆవకాయ అని వాసనే చెబుతోంది. ట్యాగు నంబరు రాసుకుని పైకెళ్ళి పిలిచాను. వెనక వరసలో నడవ పక్క సీట్లో ఒకాయన, నలభై ఉంటాయేమో, బెల్టు బిగించుకుని రెండు చేతులతో దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. జగిత్యాల దగ్గర పల్లె. పెట్టె ఆయనదే. రమ్మంటే రాడు.

"దిగితే మళ్ళీ ఎక్కనిస్తారా అమ్మా?"

ఎక్కనిస్తామని చెప్పాను. కదల్లేదు. వీసా కోసం రెండెకరాలు తాకట్టు పెట్టాడట. ఎవరో ఏదో చెప్పి దింపేసి తలుపు వేసేస్తారని ఆయన భయం. తప్పు పట్టలేను, ఆ భయం ఊరికే రాదు. ఏజెంట్ల చేతిలో మోసపోయి మా కౌంటర్ ముందు కూలబడ్డ మనుషులను నేను అప్పటికే చూసి ఉన్నాను.

చివరకు ఆయనే ఒక దారి చెప్పాడు. "నేను వచ్చేదాకా నా కుర్చీలో మీరు కూర్చోండి."

కూర్చున్నాను. బెల్టు కూడా పెట్టుకోమన్నాడు, పెట్టుకున్నాను. ఆయన నడవలో పరుగులాంటి నడక నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. విమానాల మధ్య అంతకాలం బతికి, విమానం సీట్లో కూర్చోవడం నాకదే మొదటిసారి. చిన్న కిటికీలోంచి మా పేట దీపాలు కనిపించాయి. మా ఇల్లు ఏదో వెతుక్కునే లోపు ఆయన వచ్చేశాడు. చేతులకు సుద్దపొడి, ముఖంలో నవ్వు.

గల్ఫ్ ప్రయాణాల రోజు విమానాశ్రయం బయట తిరనాళ్ళే. కరీంనగర్, నిజామాబాద్ నుంచి వ్యాన్లు, జీపులు, కడప నుంచి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళు, కోనసీమ వాళ్ళు. ఒక్కరు వెళ్తుంటే పాతికమంది వచ్చేవారు. చెట్ల కింద చాపలు పరిచి పులిహోర తినేవారు. లోపలికి వెళ్ళాల్సిన మనిషి గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి చంటిపిల్లను ఎత్తుకునేవాడు. తర్వాత కొన్నేళ్ళకు కంప్యూటర్ చదువుల పిల్లలు అమెరికా బాట పట్టారు. వాళ్ళకు ఒక్కో పెట్టెకు 32 కిలోలు, రెండు పెట్టెలు. కాటా మీద ముల్లు దాటగానే అక్కడే నేల మీద పెట్టె విప్పేవారు. కుక్కరు తీయాలా, గోంగూర తీయాలా అని తల్లీకొడుకుల మధ్య వాదన. ఏ ఇంట్లోనైనా ఓడిపోయేది పుస్తకాలే.

*

2003 తర్వాత చవక టికెట్ల కాలం వచ్చింది. విమానం మొహం చూడనివాళ్ళంతా ఎక్కడం మొదలుపెట్టారు. నాకు అది సంతోషమే, కానీ బేగంపేటకు ఊపిరాడలేదు. లైన్లు తలుపు దాటి రోడ్డు మీదకు వచ్చేవి. దిగిన విమానానికి నిలబడే చోటు దొరక్క ఒక పక్కన కాచుకునేది, పైన ఉన్నవి చక్కర్లు కొట్టేవి. వర్షం వస్తే మెట్ల దగ్గర గొడుగులు పట్టుకుని నిలబడేవాళ్ళం, ప్రయాణికులు తడిచేవారు, మేం ఇంకా ఎక్కువ తడిచేవాళ్ళం. పాతది ఎంతో బాగుండేదని నిట్టూర్చేవాళ్ళు ఆ రెండు మూడేళ్ళలో అక్కడ ఒక్క సాయంత్రం పనిచేసి ఉంటే ఆ మాట అనరు.

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం కడుతున్నారని తెలుసు. ఒకసారి మమ్మల్ని బస్సులో తీసుకెళ్ళి చూపించారు. 5,495 ఎకరాలు. రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఏడాదికి కోటీ ఇరవై లక్షల మంది పట్టే టెర్మినల్. నేల ఎంత నున్నగా ఉందంటే మా లోడర్లు చెప్పులు విప్పాలా అని అడిగారు. అందులో పెద్దాయన ఒకరు, నిజాం కాలంలో వాళ్ళ నాన్న డకోటాలకు సామాను ఎత్తాడట, చేతులు కట్టుకుని చాలాసేపు సామాను మోసే బెల్టు వంక చూశాడు. "ఇక్కడ పెట్టెను మనిషి చూడడు" అన్నాడు. మెచ్చుకున్నాడో బాధపడ్డాడో అర్థం కాలేదు.

2008 మార్చి 14న ప్రారంభోత్సవం. పాతవాటిని మూయొద్దని దేశమంతా విమానాశ్రయాల ఉద్యోగులు అంతకుముందే రెండు రోజులు సమ్మె చేశారు. విమానాలు 16న మారాల్సింది, గ్రౌండ్ హ్యాండ్లింగ్, అంటే నేల మీద విమానానికి చేసే పనుల రేట్ల మీద విమాన సంస్థలు పేచీ పెట్టడంతో 23కు జరిగింది. మాకు మరో వారం దొరికింది. సెలవు పొడిగించిన పిల్లల్లా ఉన్నాం.

22 రాత్రి నాది బేగంపేటలో ఆఖరి డ్యూటీ. విమానాలు వెళ్ళిపోతున్న కొద్దీ వెనకాలే సామాను సర్దుతున్నారు. నిచ్చెనలు, ట్రాక్టర్లు, కాటాలు లారీలెక్కాయి. ఒక నిచ్చెన ఊరేగింపులో దేవుడి రథంలా మెల్లగా గేటు దాటుతుంటే రోడ్డు మీద బిర్యానీ తింటున్న కుర్రాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొత్తచోట అర్ధరాత్రి దాటాక ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చే లుఫ్తాన్సా విమానానికి మొదటి స్వాగతం అని ఏర్పాట్లు చేశారు. దానికంటే ముందే రెండు స్పైస్‌జెట్ విమానాలు దిగేశాయి. దండలు మాత్రం అనుకున్నదానికే పడ్డాయి. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో కూడా అంతే కదా, ముందొచ్చిన చుట్టానికి మంచినీళ్ళు, ఆలస్యంగా వచ్చిన మంత్రికి పన్నీరు.

పేర్ల విషయంలో ఒక తమాషా జరిగింది. టికెట్ల మీద, ట్యాగుల మీద వేసే హెచ్.వై.డి. అనే మూడక్షరాల గుర్తు కొత్త విమానాశ్రయానికి వెళ్ళిపోయింది. బేగంపేటకు బి.పి.ఎం. అని కొత్తది ఇచ్చారు. పైలట్లు, కంట్రోల్ టవర్లు వాడే నాలుగక్షరాల వి.ఓ.హెచ్.వై. మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయింది. ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు బిందెలు ఒకరికి, మూతలు ఒకరికి వెళ్ళినట్టు.

ఇంటికొచ్చి పడుకున్నాను. పొద్దున్న కళ్ళు తెరిచేసరికి ఎనిమిది దాటింది. వంటింట్లో అలికిడి లేదు. అమ్మ ఇంకా పడుకునే ఉంది, జీవితంలో మొదటిసారి. లేపితే గాభరాగా లేచి కూర్చుని "ఆరున్నర విమానం వెళ్ళలేదేమిటి?" అంది.

*

శంషాబాద్‌లో కొన్నేళ్ళు పనిచేశాను. మొదటి ఏడాది రాకపోకలే నరకం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పై వంతెన 2009 అక్టోబరులో గానీ తెరవలేదు. అంతదాకా లారీల మధ్య, ట్రాఫిక్‌లో నిద్రపోతూ వెళ్ళేవాళ్ళం. పని మాత్రం మనిషి చేసే పనిలా తయారైంది. వాన మీద పడదు. పెట్టెలు బెల్టుల మీద వాటంతటవే దారి వెతుక్కుంటాయి. ట్రిమ్ లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది, పెన్సిల్ గీత ఉండదు. దాన్ని నేను కన్నీళ్ళతో తలుచుకోను. ఒక రాత్రి చట్రం బయట పడ్డ గీతను చూసి నా చేతులు వణికిన సంగతి నాకు గుర్తే.

మొన్న మా అబ్బాయి జర్మనీ వెళ్ళాడు. కౌంటర్ దగ్గర మనిషితో పట్టుమని రెండు మాటలు లేవు. దేశంలో తిరిగే ప్రయాణాలకైతే కెమెరా ముందు ముఖం పెడితే గేటు తెరుచుకుంటుంది. చేతిసంచి ట్యాగు మీద టప్పున కొట్టే ఆ పోలీసు ముద్ర 2017లోనే పోయింది. మైకులో పిలుపులు కూడా లేవు. రోజుకు ఇరవైసార్లు "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని గొంతు అరగదీసుకున్నదాన్ని, ఆ నిశ్శబ్దంలో నాకు చెవులు గుయ్యిమన్నాయి. టెర్మినల్‌ను ఇప్పుడు మూడు కోట్ల నలభై లక్షల మందికి సరిపడా పెంచారు. వాడు తలుపు దగ్గర ఫోను చూపించాడు, చెయ్యి ఊపాడు, లోపలికి వెళ్ళిపోయాడు. పెట్టెలో ఆవకాయ ఉంది. మూత మీద నాలుగు పొరల టేపు చుట్టాను. నూనె ఊరే అవకాశమే లేదు.

*

ప్రదర్శన నుంచి అటే అమ్మ దగ్గరకు వెళ్ళాం. ఇప్పుడు ఆ ఇంటి చుట్టూ నాలుగంతస్తుల మేడలు లేచాయి. డాబా మీద నుంచి ఆకాశం చీరంత వెడల్పున కనిపిస్తుంది. అమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి, చెవులు సరిగా వినిపించవు. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చింది. "ఎక్కడ తిరిగొచ్చావే?"

స్నానానికి వెళ్తూ బీరువా వంక చూశాను. తలుపు మూల పదిహేడు సి ఇంకా ఉంది. గోరుతో గీకితే ఒక కొస కొంచెం లేచింది. మళ్ళీ వేలితో అద్దేశాను.

బయటికొచ్చేసరికి ప్రదర్శనలోని విమానాలు విన్యాసాలకు లేచినట్టున్నాయి. ఒకటి సరిగ్గా మా మీదుగా వెళ్ళింది. తమ్ముడు చెవులు మూసుకున్నాడు. అమ్మ తలెత్తలేదు, విన్నట్టు కూడా లేదు. వంటింట్లో గ్లాసులు సన్నగా మోగాయి. కాసేపటికి ఆమె కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి, మంచినీళ్ళకు వెళ్తున్నట్టు అలమర దగ్గరకు వెళ్ళి, అరచేత్తో వరసను లోపలికి నెట్టి వచ్చి కూర్చుంది.